కుక్క కడుపులో పురుగు, గొర్రె మెదడులో తిత్తి

మందలో ఒక గొర్రె తల పక్కకు వంచి ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంటుంది. మేత తగ్గిస్తుంది, చూపు మందగిస్తుంది, మందకు అందక వెనకబడుతుంది. దాని మెదడులో నీటి తిత్తి పెరుగుతూ ఉండొచ్చు. ఆ తిత్తికి మూలం, మందకు కాపలా కాసే కుక్క పేగుల్లోని బద్దె పురుగు.

2012లో తెలంగాణలో గొర్రెలు 1.28 కోట్లు. 2019 పశుగణనలో 1.91 కోట్లు. ఆ లెక్కన దేశంలో నాలుగు గొర్రెలుంటే ఒకటి మనదే. అందులో పాలమూరు మందలది పెద్ద వాటా. కాబట్టి అమరచింత లాంటి పాలమూరు ఊళ్ల కాపరులకు ఈ పురుగు సంగతి తెలియాలి.

పురుగు పేరు టీనియా మల్టిసెప్స్. పొడవు 40 సెంటీమీటర్ల నుంచి మీటరు దాకా. కుక్క మలంలో పడ్డ గుడ్లు గడ్డితో గొర్రె కడుపుకు చేరతాయి. పిల్ల పురుగులు నెత్తురులో ప్రయాణిస్తాయి. మెదడుకో వెన్నుపాముకో చేరినవే బతుకుతాయి. కొన్ని నెలల్లో తిత్తి 5 సెంటీమీటర్లు దాటుతుంది. అందులో వందల పురుగు తలలు! చచ్చిన గొర్రె తల కుక్క తింటే అవన్నీ పెద్ద పురుగులు కాగలవు. సుమారు 6 వారాలకు మళ్లీ గుడ్లు మొదలు.

ఎండకు గుడ్లు త్వరగా చస్తాయి. తడిలో, నీడలో చాలాకాలం నిలుస్తాయి. అందుకే నాకు బీడు కంటే జూరాల కాలువ గట్ల పచ్చిక మీదే ఎక్కువ భయం.

కుక్క మాత్రం ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అదే గుండ్రంగా తిరిగినా, తూలినా కారణం వేరు. ముందు రేబిస్‌ను అనుమానించి దూరంగా ఉండాలి.

గొర్రెలకు ఏటా నట్టల మందు తాగిస్తాం, కుక్కను మాత్రం వదిలేస్తాం. నాకు బాధ కలిగించేది ఇదే. కుక్కలోని బద్దె పురుగును చంపే మందు ప్రాజిక్వాంటెల్. దాని మోతాదు కిలో బరువుకు 5 మిల్లీగ్రాములు. 20 కిలోల కుక్కకు 100. ఆరు వారాలకోసారి వేస్తే ఏడాదికి తొమ్మిది సార్లు, రెండు కుక్కలకు 18 మోతాదులు. మందు ఉన్న పురుగునే చంపుతుంది, రేపు తినబోయే తలకు అడ్డుపడదు. చచ్చిన జీవం తలను కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్చాలి.

గిరగిరా తిరుగుతున్న గొర్రెను కోతకు అమ్మేముందు పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి. తిత్తి పుర్రె పైభాగానికి దగ్గరగా ఉంటే అక్కడి ఎముక పలచబడి వేలికి మెత్తగా తగులుతుంది. అలాంటి తిత్తిని పశువైద్యులు ఆపరేషన్‌తో తీయగలరు.