స్కూటర్ వెనక చక్రం నూనె కక్కుతోందా?

పొద్దున్నే బండి బయటికి తీశాక, రాత్రి అది నిలబెట్టిన చోట రూపాయి బిళ్లంత నూనె మరక కనిపిస్తే మీరేం చేస్తారు? గుడ్డపీలికతో తుడిచేసి, ఆఫీసుకు టైమైపోతోందని వెళ్లిపోతారు. మర్నాడు మళ్లీ మరక, మళ్లీ తుడుపు. నూనె గచ్చు మీద పడుతున్నంతకాలం గచ్చుకే నష్టం. అదే వెనక బ్రేకు డ్రమ్ములోకి దిగిందంటే వ్యవహారం వేరు. బ్రేకు షూలు నూనె తాగితే మీరు మీట ఎంత గట్టిగా నొక్కినా చక్రం జారుతూనే ఉంటుంది. వెనక స్కూలు బ్యాగుతో పిల్లాడు కూర్చుని ఉన్నప్పుడు అలా జరిగితే? అందుకే ఈ మరకను తుడిచి ఊరుకోకండి.

గేర్లెస్ స్కూటర్‌లో గేర్లుండవనుకుంటాం. అది మాటవరసకే. వెనక చక్రం పక్కన చిన్న గేర్ల పెట్టె ఉంటుంది. బెల్టు తెచ్చిన వేగాన్ని తగ్గించి చక్రానికి అందించడం దాని పని. అందులో పోసే నూనె చాలా బళ్లలో 100 నుంచి 120 మిల్లీలీటర్లే, అంటే చిన్న కాఫీ గ్లాసుడు! ఉన్నదే అంత కొంచెం కాబట్టి, రోజూ కొన్ని చుక్కలు పోయినా గేర్లు ఎండిపోవడానికి ఎక్కువకాలం పట్టదు.

ఆ పెట్టెలోంచి చక్రం ఇరుసు బయటికొచ్చే చోట ఒక రబ్బరు రింగు ఉంటుంది. దాన్నే ఆయిల్ సీల్ అంటారు. మన కుక్కర్ గాస్కెట్టుకు చుట్టమే అనుకోండి. కాకపోతే గాస్కెట్టు కదలని మూతను పట్టుకుంటుంది, ఇది తిరిగే ఇరుసును పట్టుకోవాలి. అందుకే దీని లోపలి అంచు పల్చగా పెదవిలా ఉండి, ఆ పెదవిని ఇరుసుకు అదిమిపెట్టేలా వెనక సన్నటి స్ప్రింగు చుట్టి ఉంటుంది. వెనకటి రోజుల్లో వీటిని తోలుతో చేసేవారు. రబ్బరైనా వేడికి, వయసుకు గట్టిపడుతుంది. పాత గాస్కెట్టు బిరుసెక్కి ఆవిరి వదిలినట్టే ఇదీ నూనె వదులుతుంది.

ముందు రోగం తెలుసుకోండి

కారుతున్నది ఏ నూనో తేల్చుకోకుండా పానా పట్టుకోకండి. బండి అడుగుభాగం శుభ్రంగా తుడిచి, సెంటర్ స్టాండు వేసి, కింద పాత న్యూస్‌పేపరు పరిచి రాత్రంతా వదిలేయండి. చుక్క కాళ్లు పెట్టుకునే పలక కింద పడితే అది ఇంజన్ వ్యవహారం. వెనక చక్రం మధ్య నుంచి కారి, టైరు లోపలి పక్కన జిడ్డు గీతలు కనిపిస్తే అనుమానం సీలు మీదే.

ఇంకో సంగతి. గేర్ల పెట్టెకు గాలి వదిలే చిన్న బ్రీదర్ పైపు ఉంటుంది. మట్టితో అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి మంచి సీలు నుంచి కూడా నూనె తన్నుకొస్తుంది. నూనె ఎక్కువ పోసినా అంతే. ఈ రెండూ చూసుకున్నాకే సీలు కొనండి.

కొత్త సీలుకు బండి మోడలూ, తయారైన సంవత్సరమూ చెప్పి అడగండి. పాతది చేతిలో ఉంటే మరీ మంచిది. దాని మీద లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం మిల్లీమీటర్లలో అచ్చేసి ఉంటాయి. విజయవాడ ఆటోనగర్‌లోనో, సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఆ మూడంకెలు చెబితే చాలు. సైలెన్సరు మొదట్లో ఉండే గాస్కెట్టు, వెనక బ్రేకు షూల జత కూడా అప్పుడే తెచ్చేసుకోండి.

పనిలోకి దిగుదాం

ఆదివారం మధ్యాహ్నం పెట్టుకోండి. ఇద్దరుంటే సుఖం, అందులో ఒకరు శ్రీవారైనా ఫర్వాలేదు! బండి చల్లారాక కింది బోల్టు విప్పి నూనెను ప్లాస్టిక్ డబ్బాలోకి దించండి. దాన్నొకసారి వెలుతుర్లో చూడండి. కాఫీలో పాలు పోసినట్టుంటే వరద నీళ్లలో బండి నడిపినప్పుడు నీరు చేరిందన్నమాట. ఇనుప రజను మెరుస్తుంటే మాత్రం అక్కడితో ఆపి మెకానిక్‌కు అప్పగించండి. లోపల బేరింగో, గేరో అరుగుతోంది.

తర్వాత సైలెన్సరు విప్పాలి. ఒకరు వెనక బ్రేకు గట్టిగా పట్టుకుంటే రెండోవారు చక్రం మధ్య నట్టు వదులు చేయాలి. చక్రం ఊడి వస్తుంది. లోపల బ్రేకు పొడి కనిపిస్తే నోటితో ఊదకండి. పాత షూలలో ఆస్బెస్టాస్ వాడేవారు, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తీసేయండి.

పాత సీలు ఎంత లోతున, ఏ ముఖంతో ఉందో గుర్తుపెట్టుకుని, స్క్రూడ్రైవరుతో మెల్లగా ఎత్తండి. ఇరుసుకు గీత పడకూడదు సుమా! పాత పెదవి ఆనిన చోట ఇరుసు మీద గోరు నడిపి చూడండి. గోరు పట్టుకునేంత గాడి ఉంటే కొత్త సీలు వేసినా ప్రయోజనం తక్కువ. కొన్ని మోడళ్లలో సీలు బేరింగు వెనక దాక్కుని ఉంటుంది, కేసు మొత్తం విప్పాలి. అది ఇంట్లో చేసే పని కాదు.

కొత్త సీలు పెదవికి కాస్త నూనె రాయండి. స్ప్రింగు ఉన్న ముఖం లోపలికి, అంటే నూనె వైపుకు ఉండాలి. ఇరుసు చివరి పళ్లకు పల్చటి పాలిథీన్ కవరు చుట్టి, దాని మీదుగా సీలును జరిపితే పెదవి తెగదు. తర్వాత కవరు తీసేసి, సీలు బయటి అంచుకు సరిపోయే పీవీసీ పైపు ముక్క ఆనించి, చుట్టూ సమానంగా దిగేలా చిన్నగా కొట్టండి. ఒక పక్కే దిగితే తీసి మళ్లీ మొదలుపెట్టండి.

నూనె తాగిన షూలను పెట్రోలుతో కడిగి, గరుకు కాగితంతో రుద్ది మళ్లీ వేసేవాళ్లున్నారు. నేనైతే ఒప్పుకోను. పైకి ఆరినట్టున్నా వేడెక్కితే లోపలి నూనె మళ్లీ ఊరుతుంది. షూలు మార్చి, డ్రమ్ము జిడ్డు లేకుండా తుడిచి చక్రం బిగించండి. బండి పుస్తకంలో రాసిన రకం నూనె, రాసినంతే పోయండి.

చక్రం నట్టు మాత్రం ఎంత బిగువు ఉండాలో లెక్క ఉంటుంది. ఇంట్లో ఆ కొలత పానా ఉండదు కాబట్టి, బండిని ఎక్కకుండా నడిపించుకుంటూ వీధి చివరి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి బిగింపించండి. తర్వాత ఖాళీ సందులో నెమ్మదిగా నడిపి నాలుగైదుసార్లు బ్రేకు వేసి చూడండి. ఆ రాత్రీ, మర్నాటి రాత్రీ బండి కింద పేపరు పరచండి. డబ్బాలో దించిన పాత నూనెను కాలవలో పారబోయకుండా అదే మెకానిక్‌కు ఇచ్చేయండి.