లాగిన రబ్బరులో పుట్టు స్ఫటికములు

ప్రాణహిత గోదావరిని గలియు సిరొంచ సీమలో, బడిలో మరాఠీని, ఇంట తెలుగును పలుకు పిల్లవాడొకడు గులేరునకు గట్టిన రబ్బరు పీలికను లాగుచు, "సార్, మొదలు అల్కగ సాగుతది, కడకు మొండికేస్తది, ఎందుకు?" అని యడిగెను. అణువులు సాగగలిగినంత సాగి బిగుసుకొనుట యొక కారణమే గాని, దానిని మించి నన్ను ముగ్ధుని జేయునది మరియొకటి కలదు: లాగుడునకు లొంగిన రబ్బరు లోలోపల స్ఫటికములను గట్టుకొనును.

వదులుగా నున్న రబ్బరులో దీర్ఘాణువులు చిక్కుపడిన నూలుపోగులవలె ముడుచుకొని యుండును. లాగినకొలదియు నవి యొకే దిక్కునకు దీరి, సహజరబ్బరైనచో సుమారు నాలుగింతల పొడవు వచ్చుసరికి, ఒకదాని సరస నొకటి కచ్చితముగా నొదిగి సూక్ష్మస్ఫటికములగును, విడిచినంతనే కరగిపోవును. పసితనముననే మశూచికముచే చూపు గోల్పోయి, పిదప డాల్టనునకు గురువైన జాన్ గఫ్, రబ్బరును పెదవుల కానించి చటుక్కున సాగదీసిన వెచ్చనగునని 1805లో ప్రకటించెను. వెడల్పాటి రబ్బరు బ్యాండుతో ఎవరైనను పరీక్షింపవచ్చును. ఆ వెచ్చదనములో స్ఫటికముల పాలును గలదని ఆయన యెరుగు నవకాశము లేదు. 1925లో కాట్జ్ అను శాస్త్రజ్ఞుడు ఎక్సురేలను బంపి చూడగా, సాగని రబ్బరు మసకవలయమును మాత్రమే చూపి, సాగినది స్ఫటికలక్షణమైన చుక్కలను జూపెను.

ఈ స్ఫటికముల ప్రయోజనము చిరుగుమొనయొద్ద దెలియును. పీలికకు గాటు పడినచో, బలమంతయు నా మొనయందే పోగుపడి, అచ్చటి రబ్బరు తక్కినదానికంటె మిక్కిలి సాగును. సాగినది గనుకనే అచ్చటనే స్ఫటికములు దట్టముగా బుట్టి, చిరుగున కడ్డుపడి దాని దారి మళ్లించును. అక్కర యెచ్చటనో అచ్చటనే, ఆ క్షణముననే పుట్టి, తీరినంతనే మాయమగు నిట్టి దార్ఢ్యము ఉక్కునకు సైతము లేదు.

కృత్రిమరబ్బరులన్నింటికి ఈ భాగ్యము పట్టలేదు. 1930లో డ్యూపాంటు సంస్థలో కరోథర్సు బృందమునకు దొరకిన నియోప్రీనునకు గలదు; దాని అణువుల గొలుసులో కణికలు అధికభాగ మొకే తీరున వరుసదీరి యుండును. మలయా రబ్బరుతోటలు జపాను వశమైన పిమ్మట అమెరికా రాశులుగా జేసిన స్టైరీన్-బ్యూటాడయీన్ రబ్బరునకు లేదు. అందు రెండు జాతుల కణికలు క్రమము లేక కలసిపోవుటచే, ఎంత లాగినను పోగునకు పోగు పొసగదు. మసి కలిపి బలపరుపవలసినదే. 1950ల నాటి ఉత్ప్రేరకములు చెట్టురబ్బరు అణువునే నూటికి 98 పాళ్ల వరకు అదే తీరున గూర్చినవి. అయినను తక్కిన పాళ్ల వంకరచేతను, చెట్టుపాలలోని ప్రోటీన్లు మొదలగునవి లోపించుటచేతను అందు స్ఫటికములు కొంత వెనుకబడియే పుట్టును. విమానపు టైర్లలో నేటికిని సహజరబ్బరుదే పైచేయి.