తాళం ఎవరి చేతిలో ఉంది?

నేడు అనేక సంఘాలకు సొంత వెబ్‌సైట్ ఉంది. ఆదివారపు వర్తమానం, కూడికల వేళలు, వివాహ ప్రకటనలు, భూస్థాపన సమాచారం, అన్నీ అందులోనే పెడుతున్నాం. ఊరికి దూరంగా ఉన్న బిడ్డలు, మంచం పట్టిన పెద్దలు వర్తమానం వినేది అక్కడే. అయితే ఒక సోమవారం ఆడియో ఎక్కించబోతే ఎక్కదు. ఆ ఫోల్డరులో వ్రాయడానికి అనుమతి లేదని తెర మీద కనబడుతుంది. తెలిసినవారిని అడిగితే, "777 పెట్టెయ్యండి, అయిపోతుంది" అంటారు. చాలాసార్లు అయిపోతుంది కూడా. కాని ఆలోచించండి, ఆ అంకెతో మనం ఏమి చేశాం?

మొదటిది, ఆ అంకె అర్థం తెలుసుకుందాం. సంఘాల సైట్లు ఎక్కువగా నడిచేది వర్డ్‌ప్రెస్ మీద. 2003 మే 27న మొదట విడుదలైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. దాన్ని సాధారణంగా లైనక్స్ సర్వర్ల మీద ఉంచుతారు. అక్కడ ప్రతి ఫైలుకూ మూడు అంకెలుంటాయి. మొదటిది యజమానికి, రెండవది అతని గుంపుకు, మూడవది మిగిలిన అందరికీ. చదవడానికి 4, వ్రాయడానికి 2, నడపడానికి లేక ఫోల్డరులో ప్రవేశించడానికి 1. మూడూ కలిపితే 7. గనుక 777 అంటే ఆ సర్వరు మీద ఉన్న ఎవరైనా మీ ఫైళ్లను మార్చవచ్చు. మందిరం తలుపులే కాదు, కానుకల పెట్టె కూడా తెరిచి పెట్టినట్టే! చవక హోస్టింగ్‌లో ఒకే యంత్రం మీద అనేక సైట్లు ఉంటాయి. వాటిని విడివిడిగా కట్టుదిట్టం చేయకపోతే, పక్క సైటులో దూరినవాడు మీ సైటులోకీ వస్తాడు. కొన్ని సర్వర్లైతే 777 ఉన్న ఫైలును నడపడానికే నిరాకరించి 500 ఎర్రర్ చూపిస్తాయి. సాధారణంగా ఫోల్డర్లకు 755, ఫైళ్లకు 644 సరిపోతాయి.

రెండవది, యజమాని ఎవరో చూడండి. అంకెలు సరిగా ఉన్నా ఫైలు ఎక్కడం లేదా? ప్లగిన్ అప్‌డేట్ చేయబోతే ఎఫ్‌టీపీ పాస్‌వర్డ్ అడుగుతోందా? అయితే ఫైళ్లు ఒకరి పేరున ఉండి, సైటును నడిపే పీహెచ్‌పీ మరొకరి పేరున నడుస్తూ ఉండవచ్చు. సైటును ఒక హోస్టింగ్ నుండి మరొకదానికి మార్చినప్పుడు ఇలా జరుగుతుంటుంది. దీనికి మందు అంకెలు మార్చడం కాదు, యజమానిని సరిచేయడం. ఆ పని మీ చేతిలో లేకపోతే, ఫైళ్ల యజమానిని మా ఖాతా పేరుకు మార్చండని హోస్టింగ్ కంపెనీకి వ్రాయండి.

మూడవది, అసలు అది అనుమతుల సమస్యేనా? గంట వర్తమానం 64 కేబీపీఎస్ నాణ్యతతో దాదాపు 29 ఎంబీ అవుతుంది. 52 వారాలకు సుమారు 1.5 జీబీ. డిస్కు నిండిపోతే ఏ అనుమతి ఇచ్చినా ఫైలు ఎక్కదు. పీహెచ్‌పీలో ముందుగా ఉండే అప్‌లోడ్ పరిమితి 2 ఎంబీ మాత్రమే. హోస్టింగ్ వారు దాన్ని ఎంతకు పెంచారో అడగండి. డేటాబేస్ కనెక్షన్ ఎర్రర్ వస్తే ఫోల్డర్ల జోలికి పోకుండా, కాన్ఫిగ్ ఫైలులోని డేటాబేస్ పేరు, పాస్‌వర్డ్ చూడండి. అవి సరిగా ఉంటే డేటాబేస్ సర్వరు నడుస్తోందో లేదో అడగండి.

నాలుగవది, మనుషుల అనుమతులు. వర్డ్‌ప్రెస్‌లో అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్ అని ఐదు హోదాలున్నాయి. కంట్రిబ్యూటర్ వ్యాసం వ్రాయగలడు గాని ఫైలు ఎక్కించలేడు. మీ యౌవనస్థుడికి ఆడియో ఎక్కకపోవడానికి ఇదే కారణం కావచ్చు. అతణ్ణి ఆథర్ చేస్తే చాలు. అందరినీ అడ్మినిస్ట్రేటర్లను చేయకండి.

ఇంతకు ముందే 777 పెట్టి ఉంటే ఏమి చేయాలి? ముందు ఫైళ్లకూ డేటాబేసుకూ బ్యాకప్ తీయండి. అంకెలను 755, 644కు తిరిగి మార్చండి. పాస్‌వర్డులన్నీ మార్చండి. అడ్మినిస్ట్రేటర్ల జాబితాలో తెలియని పేరుందేమో చూడండి. ఫొటోలు, ఆడియోలు ఉండే అప్‌లోడ్స్ ఫోల్డరులో పీహెచ్‌పీ ఫైలు కనబడితే అనుమానించి, తెలిసినవారికి చూపించండి.

చివరిగా ఒక మాట. మీ సంఘం డొమైన్ పేరు ఎవరి ఈమెయిల్ మీద ఉంది? సైటు తయారుచేసిన తమ్ముడు ఉద్యోగానికి వెళ్లిపోయి, రెన్యువల్ ఉత్తరం అతని పాత మెయిల్‌కు వెళ్తే, గడువు తీరాక ఆ పేరును ఇంకొకరు కొనుక్కోవచ్చు. అప్పుడు మీ సంఘం పేరు మీద ఏమి కనబడుతుందో మీ చేతిలో ఉండదు. గనుక ప్రియులారా, డొమైన్, హోస్టింగ్ రెండూ సంఘం పేరున, సంఘం ఈమెయిల్ మీద ఉంచండి. పాస్‌వర్డ్ కనీసం ఇద్దరు పెద్దల దగ్గర భద్రంగా ఉండాలి. మందిరం తాళం ఎవరి దగ్గరుందో మనకు తెలుసు. సైటు తాళం ఎవరి దగ్గరుందో ఈ ఆదివారమే అడిగి తెలుసుకోండి.