మొర్రికి గ్రహణం కారణమా?

ఉప్పల్, నాచారం వైపు ఇళ్ళల్లో ఇప్పటికీ గ్రహణంనాడు కడుపుతో ఉన్న కోడలిని కత్తిపీట ముట్టనివ్వరు, బిడ్డకు గ్రహణంమొర్రి వస్తుందని.

అసలు సంగతి వినండి. గర్భం నిలిచిన 4వ వారంలో శిశువు ముఖం అయిదు చిన్న బుడిపెలే. అవి పెరిగి కలుసుకుని, 7వ వారానికి పై పెదవి కుదురుతుంది. అంగిలి పలకలు రెండూ మొదట నాలుకకు అటూ ఇటూ వేలాడుతుంటాయి. నాలుక కిందికి దిగగానే పైకి లేచి, 12వ వారానికల్లా అతుక్కుంటాయి. ఆ అతుకు పడకపోతేనే మొర్రి. మరి అయిదో నెలలో పట్టిన గ్రహణం, కుదిరిన పెదవిని ఎలా చీలుస్తుందమ్మా?

వంశపారంపర్యం, పొగతాగడం, కొన్ని మందులు కారణాలు కావచ్చు. తరచు ఫలానా అని చెప్పలేం. తల్లిని మాత్రం ఆడిపోసుకోకండి. పెదవికి 3 నుంచి 6 నెలల మధ్య, అంగిలికి ఏడాదిన్నర లోపు ఆపరేషన్ చేయిస్తే, చాలామంది పిల్లలు అందరిలాగే నవ్వుతారు, మాట్లాడతారు.