మేక మోకాలు ఎక్కడున్నది?

పిల్లలూ! మీ బడిలో వార్షికోత్సవం వస్తున్నదనుకోండి. నాటకంలో మీకు మేక వేషం ఇచ్చారు. అట్టతో కొమ్ములు చేసుకున్నారు. గోనెపీచుతో తోక అల్లుకున్నారు. ముఖానికి రంగు పూసుకున్నారు. తీరా రంగస్థలం మీదికి వచ్చేసరికి చూసేవాళ్ళ కళ్ళు మీ కాళ్ళ మీద పడతాయి. పైన మేక, కింద మనిషి! వేషమంతా కాళ్ళ దగ్గర బయటపడిపోతుంది.

అందుకే ఈ నెల జంతువు కాళ్ళు తయారుచేసుకోవటం ఎలాగో చెబుతాను. కాని ముందు ఒక ప్రశ్న. మేక వెనుక కాలు ఒకసారి జ్ఞాపకం చేసుకోండి. నడిమధ్యన అది వెనక్కు పొడుచుకొని ఉంటుంది గదా? ఆ కీలు పేరేమిటి?

"మోకాలు" అన్నారా? నేనూ ఒకప్పుడు అలాగే అన్నాను. పైగా నేను పాఠం చెప్పే మాస్టారిని!

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడిపిల్లల నాటకానికి మేక కాళ్ళు చేశాను. అడుగు ఎత్తు కర్రలు రెండు తీసుకున్నాను. నిజమైన గిట్టలాగా ఉండాలని వాటి కింది కొస రెండు అంగుళాల వెడల్పుకు చెక్కించాను. వెనక్కు వంగిన మోకాలు ఒకటి అట్టతో చేసి కర్రకు అతికించాను. చూడటానికి గొప్పగానే ఉన్నవి. ఏడవ తరగతి కుర్రవాడొకడు వాటిని కట్టుకొని నాలుగు అడుగులు వేశాడు. అయిదో అడుగుకు పడిపోయాడు. మణికట్టు ఎముక చిట్లింది.

ఆ సాయంత్రం వాడి తండ్రి వచ్చాడు. నన్ను తిడతాడనే అనుకున్నాను. ఆయన తిట్టలేదు. "మాస్టారూ, మీరు ముందు ఎక్కి చూశారా అండీ?" అని మాత్రం అడిగాడు.

నేను ఎక్కి చూడలేదు. ఆ మాటకు ఈనాటికీ నా దగ్గర జవాబు లేదు.

వారం తరువాత ఆ కుర్రవాడు చేతికి కట్టుతో బడికి వచ్చాడు. మూలన పడి ఉన్న నా అట్టమోకాలు చూసి, "నేను పడ్డానని అనటం లేదండీ. అసలు మేకకు మోకాలు అక్కడ ఉండదండీ," అన్నాడు. వాళ్ళకు మేకలున్నవి. సాయంత్రం నన్ను వాళ్ళ ఇంటికి తీసుకుపోయాడు. తండ్రి మేకను పట్టుకున్నాడు. కుర్రవాడు బాగున్న చేత్తో నా చెయ్యి పట్టుకొని మేక తొడ కింద, దాదాపు పొట్టకు ఆనుకొని ఉన్నచోట పెట్టాడు. అక్కడ నా వేళ్ళకు గుండ్రని మోకాటిచిప్ప తగిలింది. అది మన మోకాలులాగానే ముందుకు వంగుతున్నది!

మరి కింద వెనక్కు పొడుచుకొని ఉన్నది ఏమిటి? అది మేక మడమ!

మూడు రకాల నడక

మనిషీ, ఎలుగుబంటీ, కోతీ అరికాలంతా నేలకు ఆనించి నడుస్తారు. పిల్లి, కుక్క, పులి మడమ పైకెత్తి వేళ్ళ మీద నడుస్తవి. మేక, ఆవు, జింక, గుర్రం ఇంకా పైకి లేచి వేళ్ళ కొసల మీద నడుస్తవి. ఆ కొసను కప్పి ఉన్న గట్టి గోరే గిట్ట. మేక గిట్ట రెండుగా చీలి ఉంటుంది, ఎందుకంటే అది రెండు వేళ్ళ మీద నిలబడుతుంది. గుర్రం ఒక్కొక్క కాలికి ఒకే వేలు మీద, మన నడిమివేలులాంటి దాని మీద, నిలబడుతుంది.

ఎముకల వరుస మాత్రం అందరికీ ఒకటే: తొడ, మోకాలు, పిక్క, మడమ, పాదం, వేళ్ళు. మేకకు పాదంలోని ఎముకలు కలిసిపోయి పొడుగ్గా సాగినవి. అందువల్ల మడమ నేలకు దూరంగా పైకి పోయింది.

దీనివల్ల లాభం ఏమిటి? కాలు పొడుగైతే అంగ పెద్దదవుతుంది. పైగా బరువైన కండలన్నీ పైన తొడ దగ్గరనే ఉండిపోయి, కింద సన్నని ఎముకా, నరాల్లాంటి గట్టి తాళ్ళూ మాత్రమే ఉంటవి. కాలి కొస తేలికైతే వేగంగా ఊగుతుంది. కావాలంటే మూరెడు కర్ర ఒకటి తీసుకొని, కొసన తడిమట్టి ముద్ద అంటించి ఊపండి. తరువాత అదే ముద్దను మీ పిడికిలి పక్కన అంటించి ఊపండి. ఏది సులువో మీ చెయ్యే చెబుతుంది.

ఇంకొక పరీక్ష. రాత్రి మీకు కుడిపక్క దీపం, ఎడమపక్క గోడ ఉండేటట్టు నిలబడండి. కుర్చీ పట్టుకొని మడమలు పైకెత్తి, మోకాళ్ళు కొంచెం వంచండి. గోడ మీద నీడ చూడండి. అదే జంతువు కాలు! దానికి తక్కువైంది పొడుగు పాదం ఒక్కటే.

ముందుకాళ్ళ సంగతి వేరు. గుర్రం ముందుకాలి మీద మనం మోకాలు అనేది నిజానికి దాని మణికట్టు. ఇద్దరు కలిసి ఒక ఆవు వేషం వేస్తే ఈ తేడా గుర్తుంచుకోండి.

కొయ్యకాళ్ళ కళాకారులు

కొయ్యకాళ్ళ మీద ఆడటం కొత్త విద్య కాదు. తమిళనాడులో తంజావూరు ప్రాంతాన పొయ్‌క్కాల్ కుదిరై అనే ఆట ఉన్నది. ఆ పేరుకు బొంకుకాళ్ళ గుర్రం అని అర్థం. ఆడేవారు కొయ్యకాళ్ళు కట్టుకొని, నడుము చుట్టూ తేలికైన గుర్రపు బొమ్మ తగిలించుకొని, రాజూ రాణీ వేషాలతో నాట్యం చేస్తారు. ఛత్తీస్‌గఢ్‌లో హరేలీ పండుగనాడు పిల్లలు గేడీ అనే వెదురుకాళ్ళ మీద నడుస్తారు. అమెరికాలో 1997లో న్యూయార్కు బ్రాడ్వే రంగస్థలం మీదికి వచ్చిన 'లయన్ కింగ్' నాటకంలో జిరాఫీ వేషధారి కాళ్ళకు రెండు, చేతులకు రెండు కొయ్యలు తగిలించుకొని నాలుగుకాళ్ళ మీద నడుస్తాడు.

వారంతా బాగా సాధన చేసినవారు. మనకు అంత ఎత్తు వద్దు. వేషానికి ఎత్తుకంటె ఆకారం ముఖ్యం. వెనుక మడమ వంపు సరిగా కనిపిస్తే చూసేవాడి కన్ను మిగిలినదంతా తానే నమ్ముతుంది.

తయారుచేసే విధం

మీ కాలికి బిగుతుగా సరిపోయే పాత కాన్వాసు బూట్లు, అర అంగుళం మందం ప్లైవుడ్, మరమేకులు, వాషర్లు, పాత సైకిలు టైరు, పాత పైజామా, దూది, గోనెపీచు సంపాదించండి. కొయ్యపని వడ్రంగి చేతగాని, పెద్దల చేతగాని చేయించాలి.

1. ఒక్కొక్క కాలికి ఒక బోలు పెట్టె చేయించండి. ముందు ఎత్తు రెండు అంగుళాలు (5 సెంటీమీటర్లు), వెనుక ఎత్తు నాలుగు అంగుళాలు (10 సెంటీమీటర్లు). అప్పుడు పై పలక వాలుగా ఉండి మీ మడమను పైకెత్తుతుంది. అంతకుమించి ఎత్తు వద్దు. లోపల వేళ్ళ కిందా, మడమ కిందా అడ్డపలకలు తప్పక ఉండాలి. నిండు కొయ్య అయితే బరువైపోయి కాళ్ళు పీకుతవి. మట్టిముద్ద పరీక్ష జ్ఞాపకం ఉన్నది గదా!

2. అడుగుపలక బూటుకంటె ముందూ వెనుకా ఒక్కొక్క అంగుళం ఎక్కువ ఉండాలి. వెడల్పును బయటి వైపుకే పెంచండి. లోపలి వైపు పెంచితే ఒక కాలు రెండో కాలికి తగిలి పడిపోతారు.

3. బూటును పై పలక మీద పెట్టి, లోపలినుంచి నాలుగు మరమేకులు వాషర్లతో బిగించాలి. మేకుల తలలు గుచ్చుకోకుండా వాటి మీద మందపాటి అట్ట పరచాలి. అడుగున టైరు ముక్క కొడితే జారదు.

4. పెట్టె ముందు భాగానికి రెండుగా చీలిన గిట్ట రంగు వేయండి. వెనుక భాగానికి నలుపు వేయండి. దూరంనుంచి చూసేవారికి గిట్ట ఒక్కటే కనిపిస్తుంది. గిట్ట సన్నగా ఉండాలి, అడుగు వెడల్పుగా ఉండాలి. నేను మొదట చేసిన తప్పు ఇక్కడే.

5. పైజామాకు వెనుకవైపు, చీలమండకు బెత్తెడు పైన, పిడికెడు దూది సంచి కుట్టండి. అదే మేక మడమ. తొడ ముందువైపు మోకాలికి పైన మరికొంత దూది పెట్టండి. మడమ సంచి కింద గుడ్డను కాలికి బిగుతుగా చుట్టండి.

6. గోనెపీచును కుచ్చులుగా కట్టి కింది వరుస ముందు, పై వరుస తరువాత కుట్టండి. ఇల్లు తాటాకుతో కప్పేటప్పుడు చేసినట్టే పై వరుస కింది కుట్లను దాచిపెడుతుంది. పీచు నేలకు అంగుళం పైనే ఆగాలి. లేకపోతే దాన్నే తొక్కి పడతారు. గోనెపీచు ఇట్టే అంటుకుంటుంది, దీపాల దగ్గరికి పోవద్దు.

నడక నేర్చుకోవటం

చేత్తో పట్టుకొని నడిచే కర్రలనుంచి ఎప్పుడైనా కిందికి దూకవచ్చు. కాలికి కట్టుకున్నవాటినుంచి దూకలేరు. అందుకని ముందుగా కొబ్బరిచిప్పలు రెండు బోర్లించి, రంధ్రంగుండా తాడు గుచ్చి, తాడును చేతులతో పట్టుకొని నడవటం అలవాటు చేసుకోండి. అది బాగా వచ్చిన తరువాతే ఈ కాళ్ళు కట్టుకోండి.

ఎత్తు బల్ల మీద కూర్చొని కట్టుకోండి. మోకాళ్ళకు ప్యాడ్లు పెట్టుకోండి. మొదటిరోజు మట్టినేల మీద, గోడ పక్కన, రెండోవైపు పెద్దవారొకరు చెయ్యి అందించగా పది అడుగులు చాలు. అడుగులు చిన్నవిగా వేయండి. కాళ్ళవైపు చూడకుండా ఎదురుగా చూడండి. తిరగవలసివస్తే ఒక్కసారి తిరగక నాలుగైదు చిన్న అడుగులుగా తిరగండి. మెట్లు ఎక్కవద్దు, పరుగెత్తవద్దు.

పెద్దలకు ఒక మాట. పెట్టెలు తయారు కాగానే బూటు బిగించకముందే వాటి మీద మీరు నిలబడి, అటూ ఇటూ ఊగి చూడండి. మీ బరువుకు కిర్రుమన్నది పిల్లవాడి కాలికి పనికిరాదు.

మరుసటి ఏడు మా బడిలో మళ్ళీ అదే నాటకం వేశాము. ఆ కుర్రవాడే మేక. ఈసారి కొత్త పెట్టెలను వాళ్ళ ఇంటికే తీసుకుపోయి, వాడి తండ్రి ఎదుట నేను వాటి మీద ఎక్కి నిలబడ్డాను. ఆయన ఒక్కొక్క పెట్టెనూ తిప్పి చూశాడు. తరువాత కొడుకు భుజం తట్టి, "ఇక కట్టుకోరా," అన్నాడు.

నాటకంనాడు వాడు ఒక్క అడుగు తడబడలేదు.

రేపు బడికి వెళ్ళేటప్పుడు దారిలో కనిపించే కుక్కనూ, ఆవునూ, కోడినీ నిదానంగా చూడండి. దేనికి మోకాలు ఎక్కడున్నది, మడమ ఎక్కడున్నది పోల్చుకోండి. కోడి సంగతిలో తొందరపడవద్దు. దాని మోకాలు ఈకలలో దాగి ఉంటుంది!