గొట్టంలో గాలి, కంబంలో రాయి

ఫిలడెల్ఫియా నగరం నడిబొడ్డున జాన్ వానమేకర్ కట్టించిన డిపార్ట్‌మెంట్ స్టోర్ భవనం ఉంది. ఏడంతస్తుల ఎత్తున ఖాళీగా వదిలిన దాని నడిమి హాలు చుట్టూ, అంతస్తుల వెంట, 28,750 గొట్టాల పైప్ ఆర్గన్ అమర్చి ఉంది. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శన కోసం తయారైన వాద్యమది. 1909లో వానమేకర్ కొని, 13 గూడ్సు వ్యాగన్లలో తెప్పించాడు. లండన్‌లో ఐదో జార్జి పట్టాభిషేకం జరిగిన 1911 జూన్ 22న దుకాణంలో తొలిసారి మోగింది. అప్పటికి దాని గొట్టాలు పదివేల పైచిలుకే. అంత పెద్ద హాలుకు ఆ నాదం చాలలేదు. దుకాణంలోనే సొంత కార్ఖానా పెట్టి 1930 దాకా పెంచుతూ పోయారు. చేతులు మారుతూ వచ్చిన ఆ భవనంలో చివరికి మేసీస్ దుకాణం నడిచింది. 2025 మార్చిలో అది మూతపడేదాకా చొక్కాలూ చెప్పులూ కొనడానికి వచ్చినవాళ్లు ఆ సంగీతం వింటూనే బేరం చూసుకునేవారు.

అంగడీ, శిల్పం, నాదం ఒకే చోట కలిసే ఊరు మనకూ ఉంది. అది తమిళనాడులోని మధుర. విజయనగర సేనాని నాగమ నాయకుడి కొడుకు విశ్వనాథ నాయకుడు 1529లో అక్కడ పాలన మొదలుపెట్టాడు. ఆ వెంట వచ్చిన తెలుగు కుటుంబాలు మధుర, తేని, విరుదునగర్, కోయంబత్తూరు ప్రాంతాల్లో స్థిరపడి ఈనాటికీ ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటున్నాయి. దక్షిణాంధ్ర సాహిత్యం చదివినవారికి ఈ నాయకులు కొత్తేమీ కాదు. వారిలో తిరుమల నాయకుడు మీనాక్షి గుడి తూర్పు గోపురానికి ఎదురుగా వసంతోత్సవాల కోసం పుదుమండపం కట్టించాడు. ఆ మండపం తరతరాలుగా బజారుగా నడిచింది. నిలువెత్తు నాయక రాజుల విగ్రహాల పక్కనే దర్జీలు కుట్టుమిషన్లు తొక్కేవారు. గాజులవారూ ఇత్తడి సామాన్లవారూ పుస్తకాలవారూ కంబానికొకరుగా కొట్లు పెట్టుకునేవారు.

నాదం మాత్రం గుడి ప్రాకారం లోపల ఉంది. ఉత్తరపు ఆడి వీధిలో, మొట్టై గోపురం దగ్గర, ఐదు రాతికంబాలున్నాయి. దూరం నుంచి చూస్తే మామూలు స్తంభాలే. దగ్గరికి వెళితే ఒక్కో స్తంభం 22 సన్నని కంబాల గుంపని తెలుస్తుంది. పీఠం, పైభాగం, నడుమ నిలువు కంబాలు అన్నీ ఒకే రాయి. ఎక్కడా అతుకు లేదు. కంబానికీ కంబానికీ మధ్య ఉన్న సందులోని రాయినంతా ఉలితో తొలిచి తీసేశారు. సన్న కంబాన్ని వేలి కణుపుతో తడితే స్వరం పలుకుతుంది. పక్కదాన్ని తడితే మరో స్వరం.

తడితే రాయి ఎందుకు పాడుతుందన్న ప్రశ్నకు జవాబు పైప్ ఆర్గన్‌ను పక్కన పెట్టుకుంటే బాగా తేలుతుంది. ఆర్గన్‌లో మోగేది గొట్టం కాదు, గొట్టంలోని గాలి. కింది నుంచి తోసిన గాలి పెదవిలాంటి అంచుకు తగిలి అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపుకు గొట్టం పొడవునా ఉన్న గాలిస్తంభం ముందుకూ వెనక్కూ కంపిస్తుంది. దాని స్వరాన్ని ముఖ్యంగా నిర్ణయించేవి రెండు: గొట్టం పొడవు, గాలిలో శబ్ద వేగం. పొడవు సగమైతే స్వరం ఒక స్థాయి పైకి, అంటే కింది షడ్జం నుంచి పై షడ్జానికి, వెళుతుంది. 32 అడుగుల తెరిచిన గొట్టం సెకనుకు 16 కంపనాల దగ్గర పలుకుతుంది. అది చెవికి వినబడేదానికంటే ఒంటికి తెలిసేదే ఎక్కువ.

రాతికంబం తీరు వేరు. పైనా కిందా బిగిసి ఉన్న కంబాన్ని పక్క నుంచి తడితే నడుమ భాగం కంటికి కనబడనంత కొద్దిగా వంగుతుంది. రాయికి గట్టిదనం ఉంది కనుక వెనక్కి లాగుతుంది. బరువు ఉంది కనుక సరైన చోట ఆగకుండా అవతలికి పోతుంది. బల్ల అంచున నొక్కిపట్టిన స్కేలును మీటితే ఊగేదీ ఇలాగే, కాకపోతే దానికి ఒక కొస వదులుగా ఉంటుంది. వంగడం వల్ల పుట్టే ఈ కంపనంలో లెక్క మారిపోతుంది. పౌనఃపున్యం పొడవు వర్గానికి విలోమంగా, మందానికి అనులోమంగా ఉంటుంది. కంబం పొడవు సగం చేస్తే స్వరం ఒక్క స్థాయి కాదు, రెండు స్థాయిలు పైకి పోతుంది. లావు కంబం బొంగురుగా పలుకుతుందని మన ఊహ. నిజానికి పొడవు ఒకటే అయితే లావు కంబానిదే హెచ్చు స్వరం.

ఒక చిన్న లెక్క చూద్దాం. సందులో తెరిచి ఉన్న పొడవు 1 మీటరు, మందం 8 సెంటీమీటర్లు ఉన్న నలుపలకల గ్రానైట్ కంబం ఉందనుకోండి. అలాంటి కడ్డీలో శబ్దం సెకనుకు సుమారు 4,300 మీటర్ల వేగంతో పోతుంది, గాలిలో కంటే పన్నెండు రెట్లకు పైగా. చివరలు బొత్తిగా కదలవనుకుంటే కంబం స్వరం సుమారు 350 హెర్ట్జ్ వస్తుంది. ఒకటో శ్రుతిలో పాడేవారికి అది శుద్ధ మధ్యమం. దాన్ని పంచమం చేయాలంటే పౌనఃపున్యాన్ని తొమ్మిదికి ఎనిమిది నిష్పత్తిలో పెంచాలి. ఆర్గన్ గొట్టమైతే మీటరుకు 11 సెంటీమీటర్లు కోసేయాలి. రాతికంబంలో 6 సెంటీమీటర్ల లోపే చాలు. లేదా పొడవు జోలికి పోకుండా మందం 8 బదులు 9 సెంటీమీటర్లు ఉంచితే సరి.

ఇక్కడే శిల్పి పని ఎంత కష్టమో కళ్లకు కడుతుంది. ఆ 80 మిల్లీమీటర్ల మందంలో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చినా స్వరం 81:80 నిష్పత్తిలో కదులుతుంది. మన సంగీతశాస్త్రంలో ప్రమాణశ్రుతి అని చెప్పుకునే అతి చిన్న అంతరం అదే. తర్ఫీదు ఉన్న చెవి దాన్ని పట్టేస్తుంది. ఉలితో గ్రానైట్‌ను అంత నిక్కచ్చిగా చెక్కడం తేలిక కాదు. పైగా ఒకసారి తీసిన రాయిని మళ్లీ పెట్టలేరు. ఆర్గన్ గొట్టం కొసన చిన్న రేకు తొడుగు ఉంటుంది. దాన్ని పైకీ కిందికీ జరిపి ఎన్నిసార్లయినా శ్రుతి చేసుకోవచ్చు. రాతికంబానికి ఆ వెసులుబాటు లేదు. మందం తగ్గిస్తే స్వరం దిగుతుంది. పీఠంలోకి లోతుగా తొలిచి పొడవు పెంచినా దిగుతుంది. మొదళ్ల దగ్గర చెక్కితే మరీ దిగుతుంది, ఎందుకంటే వంపు బలంగా ఉండేది అక్కడే. చివర నుంచి సుమారు పావువంతు దూరంలో, వంపు దాదాపు ఉండని చోట, కాస్త చెక్కితే మాత్రం బరువు తగ్గి స్వరం కొద్దిగా పైకి లేస్తుంది. ఈ సూత్రాలు ఏ సమీకరణంలోనూ రాసి లేని కాలంలో చెవినీ చేతినీ నమ్ముకుని ఆ పని చేసినవాళ్లను తలుచుకుంటే నాకు ఏ రాజు పేరు విన్నప్పటికంటే ఎక్కువ గౌరవం కలుగుతుంది.

రాయిని ఎంచుకోవడం దగ్గరే సగం పని తేలిపోతుంది. శిల్పశాస్త్రాలు రాయిని తట్టి చూసి పుంశిల, స్త్రీశిల, నపుంసక శిల అని విడగొట్టాయి. గంటలా ఖంగుమంటే పుంశిల, తాళంలా మోగితే స్త్రీశిల, మొద్దుగా ఉంటే మూడోది. లోపల సన్నని పగులున్నా, స్ఫటికాలు ఒకదానికొకటి గట్టిగా అల్లుకోకపోయినా, కంపన శక్తి రాపిడిలో వేడిగా మారి వెంటనే అణగిపోతుంది. ఇది నేటి ఫౌండ్రీలకూ తెలిసిన విద్యే. కోయంబత్తూరు పంపుసెట్లకూ మోటార్లకూ పేరున్న ఊరు. జి.డి. నాయుడు, పీళమేడు పి.ఎస్.జి. కుటుంబం వంటి తెలుగువారు అక్కడి పరిశ్రమకూ సాంకేతిక విద్యకూ గట్టి పునాది వేశారు. పోత పోసిన ఇనుప భాగాన్ని సుత్తితో తట్టి, మోత చెదిరితే పగులుందని పక్కన పెట్టడం ఫౌండ్రీ పనివాళ్లకు అలవాటు. ఆ ఊరికి దగ్గర్లోని పేరూరు పట్టీశ్వరస్వామి గుడిలో తిరుమల నాయకుడి తమ్ముడు అళగాద్రి నాయకుడు కట్టించిన కనకసభ ఉంది. కప్పు నుంచి వేలాడే రాతి గొలుసులు చూస్తే, ఒకే రాయిలోంచి విడివిడి భాగాలు తీసే ఆ నైపుణ్యం మధుర ఒక్కచోటిది కాదని అర్థమవుతుంది.

ఇలా పలికే కంబాలకు తెలుగు పాఠకులకు దగ్గరి ఉదాహరణలు హంపీ విఠలాలయం, తాడిపత్రి చింతల వేంకటరమణస్వామి గుడి. హంపీ కంబాల లోపల ఏదో దాచారనీ, అది చూడ్డానికి తెల్లదొరలు రెండింటిని కోయించారనీ గైడ్లు చెబుతుంటారు. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ఏదీ కోయకుండానే అసలు సంగతి తేల్చారు. అణు రియాక్టర్ల లోహభాగాలను చెక్కుచెదరకుండా పరీక్షించడానికి వాడే అల్ట్రాసోనిక్ పద్ధతులనే వాళ్లు విఠలాలయ మహామండపానికి తీసుకెళ్లారు. పేరుమోసిన 11 స్తంభాలను ఎంచుకుని, కంబాల కొలతలూ రాతిలో శబ్ద వేగమూ కొలిచి, వంపు కంపనాల లెక్క కట్టారు. రికార్డు చేసిన శబ్దంలోని పౌనఃపున్యాలతో ఆ లెక్క చక్కగా సరిపోయింది. కంబాలు గుల్లవి కావు, గట్టి రాళ్లే. 2008లో వెలువడిన ఆ పరిశోధన కట్టుకథను పక్కకు నెట్టి, శిల్పి కొలతను ముందుకు తెచ్చింది.

అయితే ఒక కంబం మృదంగంలా, మరొకటి జలతరంగంలా పలుకుతుందని జనం ఎందుకంటారు? దానికి అతిస్వరాలు కారణం. రెండు కొసలూ తెరిచిన గొట్టంలో మూలస్వరంతో పాటు దాని రెండు రెట్లు, మూడు రెట్లు, నాలుగు రెట్లు వరసగా పలుకుతాయి. అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి నిండుగా వినిపిస్తాయి. వంగే రాతికంబంలో తర్వాతి స్వరాలు సుమారు 2.76 రెట్లు, 5.4 రెట్లు. ఇవి ఏ స్వరస్థానంలోనూ ఇమడవు. అందుకే ఆ నాదంలో గంట లక్షణం ఉంటుంది. ఏ అతిస్వరం ఎంత బలంగా వస్తుందన్నది తట్టే చోటును బట్టి, తట్టే వస్తువును బట్టి మారుతుంది. మెత్తని వేలు రాయిని కాస్త ఎక్కువసేపు అంటిపెట్టుకుంటుంది కనుక హెచ్చు కంపనాలను లేవనివ్వదు, మూలస్వరం శుభ్రంగా వస్తుంది. నాణెంతో కొడితే కీచుదనం వస్తుంది. కంబం సరిగ్గా చదరంగా లేకపోతే ముందు నుంచి తడితే ఒక స్వరం, పక్క నుంచి తడితే ఇంకో స్వరం కూడా వినవచ్చు. ఇలా దారితప్పే అతిస్వరాలను దారిలోకి తెచ్చిన వాద్యం మన మృదంగం. కుడిమూతికి పూసే కరణి వల్ల దాని అతిస్వరాలు పూర్ణ సంఖ్యల్లో అమరుతాయని సి.వి. రామన్ 1920లో నేచర్ పత్రికలో చూపించాడు. రాతికి కరణి పూయలేరు.

22 కంబాలు అనగానే 22 శ్రుతులు గుర్తొస్తాయి. ఆ పోలిక ఊరిస్తుంది, కానీ సంఖ్య కలిసినంత మాత్రాన స్వరం కలవాలని లేదు. ఒక్కో కంబం పౌనఃపున్యాన్ని కొలిచి, వాటి మధ్య నిష్పత్తులు చూశాకే ఆ మాట అనాలి. అందుకు రాతి మీద చెయ్యి వెయ్యాల్సిన అవసరం కూడా పెద్దగా లేదు. ఒక్క మెత్తని తట్టు, దగ్గర్లో ఒక మైకు, శబ్దాన్ని పౌనఃపున్యాలుగా విడదీసే ప్రోగ్రాము చాలు. ఇలా ఒకసారి కొలిచి భద్రపరిస్తే గుడికీ మేలు. రాతిలో పగులు మొదలైతే గట్టిదనం తగ్గి కంబం స్వరం కిందికి జారుతుంది. కప్పు బరువు కుంగి సన్న కంబాల మీద పడినా జారుతుంది, ఎందుకంటే లాగితే తీగ స్వరం పెరిగినట్టే, నొక్కితే కంబం స్వరం తగ్గుతుంది. కంటికి కనబడని నష్టాన్ని మైకు ముందే చెప్పేస్తుంది. ఇంకోవైపు, వచ్చిన ప్రతివాళ్లూ రాళ్లతో, తాళంచెవులతో బాదుతూ పోతే కొన్ని శతాబ్దాల పని కొన్నేళ్లలో పెచ్చులూడిపోతుంది. హంపీలో తట్టడం నిషేధించింది అందుకే. అది నూటికి నూరుపాళ్లు సరైన నిర్ణయమని నా అభిప్రాయం.

ఎండ విషయంలో మాత్రం రాయిదే పైచేయి. గాలి వేడెక్కితే శబ్ద వేగం డిగ్రీకి సెకనుకు 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. మార్గశిర ఉదయానికీ చిత్తిరై తిరునాళ్ల మిట్టమధ్యాహ్నానికీ సుమారు పదిహేను డిగ్రీల తేడా ఉండే మధురలో ఆరుబయట ఆర్గన్ గొట్టం పెడితే స్వరం దాదాపు సగం స్వరస్థానం దాకా జరిగిపోతుంది. గ్రానైట్ గట్టిదనం ఆ తేడాకు చెవికి తెలిసేంతగా మారదు.

రాయితోనే గాలిని పాడించిన పనివాళ్లూ తమిళదేశంలో ఉన్నారు. కుంభకోణం కుంభేశ్వరస్వామి గుడిలో, తామ్రపర్ణి తీరాన ఆళ్వార్ తిరునగరి గుడిలో రాతి నాగస్వరాలున్నాయి. వాటిలో రాయి వంగదు, మోగదు. లోపల తొలిచిన సన్నని గొట్టంలో గాలిస్తంభం కంపిస్తుంది, ఫిలడెల్ఫియా ఆర్గన్ గొట్టాల్లో జరిగినట్టే. ఊదితే రీడు ఆడుతుంది, వేళ్లు రంధ్రాలు మూసి తెరిచినకొద్దీ గాలిస్తంభం పొడవు మారుతుంది. చెక్క నాగస్వరానికీ దీనికీ స్వరస్థానాల లెక్క ఒకటే. తేడా అంతా బరువులో ఉంది. ఆ రాతి వాద్యాన్ని ఎత్తిపట్టుకుని ఊదే విద్వాంసుడికి ఊపిరితో పాటు భుజబలమూ కావాలి.