ఆ బ్యాగు ఎవరిది?

1985 జూన్ 22, శనివారం ఉదయం. కెనడాలోని వాంకోవర్ విమానాశ్రయం. సీపీ ఎయిర్ కౌంటర్ ముందు క్యూ చాంతాడంత ఉంది. ఎం.సింగ్ అనే పేరుతో టికెట్ ఉన్న ప్రయాణికుడొకడు తన సూట్‌కేసుకు టొరంటో వరకు కాదు, నేరుగా ఢిల్లీ వరకు ట్యాగ్ వేయమంటున్నాడు. టొరంటో నుంచి వెళ్లే ఎయిరిండియా విమానంలో అతని సీటు ఇంకా ఖాయం కాలేదు, వెయిటింగ్ లిస్టులో ఉంది. అలా పంపడం కుదరదంది కౌంటర్‌లోని ఉద్యోగిని. అతను వాదనకు దిగాడు. మా అన్నను పిలుచుకొస్తానన్నాడు. వెనక జనం ఆగిపోయారు. చివరికి ఆమె సరేనని ట్యాగ్ వేసేసింది. సూట్‌కేసు వెళ్లిపోయింది. మనిషి మాత్రం విమానమెక్కలేదు.

మర్నాడు ఐర్లండ్ తీరానికి కాస్త దూరంలో, 31 వేల అడుగుల ఎత్తున, ఎయిరిండియా విమానం ‘కనిష్క’ పేలిపోయింది. 329 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

నేరం బాంబు పెట్టినవాళ్లది, అందులో రెండోమాట లేదు. అయితే ఆ సూట్‌కేసును ఆపగలిగే చోట్లు దారిలో ఇంకా ఉన్నాయి. టొరంటోలో సామాను తనిఖీ చేసే ఎక్స్‌రే యంత్రం మధ్యలోనే మొరాయించింది. మిగిలిన బ్యాగులను చేత్తో పట్టుకునే చిన్న పరికరంతో చూశారు. అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టి, అది ఎలా మోగుతుందో సిబ్బందికి చూపించారు. ఒక బ్యాగు దగ్గర అది సన్నగా మోగింది కూడా. అలా మోగితే ఏం చేయాలో వాళ్లకు ఎవరూ చెప్పలేదు. బ్యాగు లోపలికెళ్లింది. వాంకోవర్‌లో సీటు ఖాయం కానివారి సామాను ముందుకు పంపకూడదన్న నిబంధన అప్పటికే ఉంది. దాన్ని టికెట్ల వ్యవహారంగా చూశారే గానీ ప్రాణాలకు సంబంధించిన విషయంగా చూడలేదు. లోపమంతా అక్కడే ఉంది. ఒక్క ఉద్యోగిని మీదకు తోసేస్తే పోయేది కాదు.

అదే రోజు అలాంటిదే మరో సూట్‌కేసు జపాన్‌లోని నరీటా విమానాశ్రయంలో పేలింది. కనిష్క కంటే సుమారు గంట ముందు. అక్కడ చనిపోయింది ప్రయాణికులు కాదు, సామాను మోసే ఇద్దరు సిబ్బంది. భద్రతా శిక్షణ అంటే మొక్కుబడి తంతు అనుకునేవాళ్లు ఈ ఇద్దరి సంగతి తెలుసుకోవాలి. బాంబుకు మొదట దగ్గరయ్యేది లోడరే.

హీత్రూలో అడిగిన ప్రశ్నలు

కనిష్క కూలి పది నెలలైనా కాలేదు. 1986 ఏప్రిల్ 17న లండన్ హీత్రూలో ఓ ఐరిష్ యువతి టెల్ అవీవ్ వెళ్లే ఇజ్రాయెల్ సంస్థ ఎల్ ఆల్ విమానం కోసం వచ్చింది. గర్భిణి. ఒంటరి ప్రయాణం. మర్యాదగా, అమాయకంగా ఉంది. విమానాశ్రయం ఎక్స్‌రేలో బ్యాగుకు అడ్డు రాలేదు. ఎల్ ఆల్ భద్రతా ఉద్యోగి మాత్రం మాట కలిపాడు. ఎందుకు వెళ్తున్నారు? ఎవరి దగ్గరికి? ఎక్కడ దిగుతారు? బ్యాగు ఎవరు సర్దారు? జవాబులు ఒకదానితో ఒకటి పొసగలేదు. బ్యాగు ఖాళీ చేయించాడు. ఖాళీ అయ్యాక కూడా అది ఉండాల్సినంత తేలిగ్గా లేదు. అడుగున దొంగ అరలో కిలోన్నర సెమ్‌టెక్స్ పేలుడు పదార్థం దొరికింది. పేల్చే ఏర్పాటు కాలిక్యులేటర్‌లో ఉంది. ఆమెకు ఏమీ తెలియదు. పెళ్లి చేసుకుంటానన్న ప్రియుడే సర్దిచ్చాడు. అతని పేరు నిజార్ హిందావీ. బ్రిటన్ కోర్టు 45 ఏళ్ల జైలు శిక్ష వేసింది.

యంత్రం చూడలేనిది చెయ్యి పసిగట్టింది. ఖాళీ బ్యాగు బరువెంత ఉండాలో ఆ చేతికి తెలుసు. అంతకంటే పెద్ద విషయం, అనుమానం వచ్చినప్పుడు ఆపే అధికారం ఆ ఉద్యోగికి ఉంది. వాంకోవర్‌కు, హీత్రూకు తేడా తెలివితేటల్లో లేదు. కింది ఉద్యోగి ‘ఆగండి’ అంటే పైవాళ్లు వెనకేసుకొస్తారా లేదా అన్నదే తేడా.

అదే ఏడాది సెప్టెంబరు 5న కరాచీలో పాన్ యామ్ 73వ విమానం దగ్గరికి భద్రతా సిబ్బంది యూనిఫాంలో, అచ్చం వాళ్లు వాడేలాంటి బండిలో హైజాకర్లు వచ్చారు. యూనిఫాం చూసి ఎవరూ ఆపలేదు. లోపల ఎయిర్‌హోస్టెస్ నీర్జా భానోత్ కాక్‌పిట్‌కు కబురందించడంతో పైలట్లు పైనున్న అత్యవసర ద్వారం గుండా తప్పించుకున్నారు. విమానం ఇక కదల్లేదు. అమెరికన్ల పాస్‌పోర్టులను ఆమె బృందం దాచేసింది. 23వ పుట్టినరోజుకు రెండు రోజుల ముందు నీర్జా ప్రాణాలొదిలింది. ఆమె ధైర్యం గురించి సినిమా వచ్చింది. హైజాక్ కబురును కాక్‌పిట్‌కు క్షణాల్లో చేర్చడం మాత్రం శిక్షణలో నేర్పే పనే.

లోపలివాళ్ల సంగతి

మన దేశంలో పౌర విమానయాన భద్రతా బ్యూరో, అంటే బీసీఏఎస్, 1978లో ఓ చిన్న విభాగంగా మొదలైంది. కనిష్క తర్వాత, 1987 ఏప్రిల్‌లో స్వతంత్ర సంస్థ అయింది. మన విమానాన్ని కాందహార్‌కు తీసుకెళ్లిన హైజాక్ జరిగిన కొద్ది వారాలకే, 2000 ఫిబ్రవరిలో కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం (సీఐఎస్ఎఫ్) జైపూర్‌తో మొదలుపెట్టి విమానాశ్రయాల కాపలా చేపట్టింది. ప్రయాణికుడు ఎక్కకపోతే అతని సామాను దించేశాకే విమానం కదలడం ఇప్పుడు మామూలు విషయం. ఆ అరగంట ఆలస్యానికి విసుక్కునేవాళ్లకు దాని వెనకున్న కథ తెలియదు.

తుపాకీ పట్టుకున్న జవాను గేటు దగ్గరుంటాడు. గేటు లోపల పనిచేసేది మాత్రం వేలమంది. కౌంటర్ సిబ్బంది, లోడర్లు, విమానం ఊడ్చేవాళ్లు, భోజనం ఎక్కించేవాళ్లు, దుకాణాల కుర్రాళ్లు. అందరి మెడలో పర్మిట్ కార్డు ఉంటుంది. కార్డు ఉన్న మనిషిని అనుమానించడం కష్టం.

2018 అక్టోబరు 25న విశాఖ విమానాశ్రయం వీఐపీ లాంజ్‌లో అప్పటి ప్రతిపక్ష నేత వై.ఎస్.జగన్‌మోహన్‌రెడ్డిపై దాడి జరిగింది. దాని చుట్టూ నడిచిన రాజకీయం సంగతి పక్కనపెడదాం. అరెస్టయింది అక్కడి రెస్టారెంటులో పనిచేసే వ్యక్తి. వాడింది కోడికత్తి. సంక్రాంతి పందేల్లో పుంజు కాలికి కట్టే ఆ బుల్లి కత్తి, గోళ్ల కత్తెరను కూడా వదిలిపెట్టని తనిఖీలుండే చోటికి చేరింది. కేసు జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్ఐఏ) చేతికి వెళ్లింది. అంతకు రెండేళ్ల ముందు సొమాలియా రాజధాని మొగదిషు నుంచి బయల్దేరిన డాలో ఎయిర్‌లైన్స్ విమానం గాల్లో ఉండగా ల్యాప్‌టాప్ బాంబు పేలింది. ఆ ల్యాప్‌టాప్‌ను తనిఖీ దాటాక ప్రయాణికుడి చేతికిచ్చింది విమానాశ్రయ ఉద్యోగులేనని సీసీ కెమెరాల్లో తేలింది. విమానం ఎలాగో దిగింది. చనిపోయింది బాంబు తెచ్చినవాడొక్కడే.

అందుకే అవగాహన తరగతుల్లో చెప్పేవి చూడ్డానికి చాలా చిన్న విషయాలు. కార్డు గీకితే తెరుచుకునే తలుపులో మీ వెనకే ఇంకొకరు దూరనివ్వొద్దు, ఆయన మీ మేనేజరైనా సరే. ‘మర్చిపోయాను, నీ కార్డోసారి ఇవ్వు తమ్ముడూ’ అంటే ఇవ్వొద్దు. కుర్చీ కింద దిక్కులేని సంచి కనిపిస్తే ముట్టుకోవద్దు, కబురు చెప్పాలి. ఇవి తెలియనివారు లేరు. కానీ ‘పెద్దాయన్ని ఎలా ఆపుతాం’ అనే మన మొహమాటం ముందు తరగతిలో విన్నది నిలవదు. పైగా లోడర్లూ క్లీనర్లూ ఎక్కువగా కాంట్రాక్టు ఏజెన్సీల మనుషులు. విమానం ఆలస్యమైతే మాటపడేదీ వాళ్లే. వాళ్లు ధైర్యంగా ‘ఆగండి’ అనాలంటే పోస్టర్లు చాలవు. ఆపినందుకు ఉద్యోగం పోదన్న హామీ యాజమాన్యాలు ఇవ్వాలి. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2021ని భద్రతా సంస్కృతి సంవత్సరంగా ప్రకటించింది. సంస్కృతి అనే మాటకు నేల మీద అర్థం ఇదే.

ఈమధ్య మరో తలనొప్పి మొదలైంది. 2024 అక్టోబరులో కొద్ది రోజుల వ్యవధిలోనే వందలాది విమానాలకు బాంబు బెదిరింపులొచ్చాయి, ఎక్కువగా సోషల్ మీడియా ఖాతాల నుంచి. అన్నీ ఉత్తుత్తివే. అలాంటివాళ్లను విమానాలెక్కనివ్వకుండా నిషేధిస్తామని విమానయాన మంత్రి, మన శ్రీకాకుళం ఎంపీ రామ్మోహన్ నాయుడు చెప్పారు. రోజూ ‘నాన్నా పులి’ అని అరుస్తుంటే అసలు పులి వచ్చిన రోజు చేతులు నెమ్మదిస్తాయన్నదే ఇక్కడి భయం.

ఇక ప్రయాణికులకో మాట. శంషాబాద్ నుంచి అమెరికాకు పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నల పెట్టెలో పక్కింటివాళ్లు ‘మా అబ్బాయికివ్వండి’ అని పంపిన ఆవకాయ డబ్బా ఒకటి ఉండటం మామూలే. కౌంటర్‌లో ‘సామాను మీరే సర్దుకున్నారా, ఎవరైనా ఏమైనా ఇచ్చారా’ అని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి. డబ్బా ఇంటి దగ్గరే విప్పి చూసి, మీ చేత్తో మీరే సర్దుకోండి. ‘ఇందులో బాంబుందా ఏంటి’ అని మాత్రం నవ్వులాటకైనా అనొద్దు. ఆ మాటన్నందుకు విమానంలోంచి దింపేసి పోలీసులకు అప్పగించిన సందర్భాలు మన దేశంలో చాలానే ఉన్నాయి.